మీ ఆర్డరు వచ్చేసింది సార్!

కూర్మన్నపాలెం తెలియని వాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు. విశాఖపట్నం నుంచి హైవే మీద అనకాపల్లి వైపు వెళ్తుంటే గాజువాక దాటాక వస్తుంది. జంక్షన్‌లో స్టీల్‌ప్లాంటు ఆర్చి ఉంటుంది. 2021 జనవరి 27న ప్లాంటులో వాటా మొత్తం అమ్మేయడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక రిలే నిరాహార దీక్షల శిబిరం వేసింది ఈ ఆర్చి దగ్గరే. టీవీలో చూసే ఉంటారు. నేను పుట్టి పెరిగింది ఉక్కునగరం క్వార్టర్లో. నాన్నగారు రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. ఇప్పటికీ పొద్దున్నే వాకింగు పేరుతో ఆర్చి దాకా వెళ్ళి లోపలికోసారి చూసి వస్తారు. బిడ్డని హాస్టల్లో దింపిన తండ్రిలాగ.

నా చిన్నప్పుడు మా ఇంట్లో "బయట తినడం" అంటే ఏడాదికి రెండుసార్లు గాజువాక వెళ్ళి మసాలా దోశ తినడం. ఇప్పుడు అలా కాదు. హైవే పొడుగునా అద్దాల హోటళ్ళు. ఏ ఊళ్ళో చూసినా అదే బోర్డు, అదే మెనూ, అదే రంగు టీషర్టులు. బెంగుళూర్లో నేనుండే వీధి చివర ఉన్న హోటలే మా ఊళ్ళోనూ వెలిసింది. దాని పేరు రాయను. రాస్తే "మా బ్రాంచిలో బాగానే ఉంటుందే" అని మీరు మొదలెడతారు, నేను చెప్పదల్చుకున్నది అది కాదు.

పోయిన నెల సెలవు మీద ఇంటికెళ్ళాను. నాన్నగారికి డెబ్భై నిండాయి. ఆయనకి పుట్టినరోజులూ గట్రా పట్టవు. ఆయన లెక్కలో గుర్తుంచుకోవాల్సినవి రెండే... ప్లాంటులో చేరిన రోజు, గోదావరి వెలిగిన సంవత్సరం. (గోదావరి అంటే నది కాదండోయ్, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పేరు. 1990లో మొదలైంది. రెండోదాని పేరు కృష్ణ, మూడోది అన్నపూర్ణ. కొలిమికి అన్నపూర్ణ అని పేరు పెట్టినవాడెవడో గానీ వాడికో దణ్ణం.) "ఇంట్లో పప్పుచారు ఉండగా బయటికెందుకురా" అంటున్నా వినకుండా అమ్మనీ నాన్ననీ ఆ అద్దాల హోటలుకి లాక్కెళ్ళింది నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గుమ్మంలోనే ఒకమ్మాయి ఆపింది. "ఫోన్ నంబర్ చెప్పండి సార్."

ఎందుకమ్మా అన్నాను. నంబరు కొట్టకపోతే సిస్టమ్ టేబుల్ ఇవ్వదుట. లోపల చూస్తే సగం బల్లలు ఖాళీ. మనం ఊరుకుంటామా? ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లేస్తామని పట్టుబట్టొద్దని 2023 మేలో వినియోగదారుల శాఖ వాళ్ళు దుకాణాలకి చెప్పారు, తెలుసా అని మొదలుపెట్టాను. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయేమో, నవ్వి ఊరుకుంది. వెనక అమ్మ "చెప్పీరా బాబూ, నిలబెట్టీసావు" అంది. చెప్పేశాను. మేం బిల్లు కట్టేలోపు ఆ నంబరుకి మూడు మెసేజీలు వచ్చాయి, అందులో ఒకటి హోమ్ లోను గురించి :)

మా బల్ల దగ్గరికి వచ్చిన సర్వరు కుర్రాడు కాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. కణతల దగ్గర నెరిసిన జుట్టు, కుర్రాళ్ళ కోసం కుట్టించిన బిగుతు టీషర్టు, వీపు మీద 'హ్యాపీ టు హెల్ప్' అని అక్షరాలు. చేతిలో టాబ్లెట్. నాన్నగారికి రోటీలూ పప్పూ, అమ్మకి వెజ్ బిర్యానీ, నాకో కోడికూర చెప్పాను. ఎంతసేపు పడుతుందంటే పదిహేను నిమిషాలన్నాడు. అప్పుడు టైము ఎనిమిదీ పద్దెనిమిది. ఈ టైములన్నీ ఊహించి రాస్తున్నవి కావు, బిల్లు నా దగ్గరే ఉంది.

నాన్నగారికి షుగరు. రెండేళ్ళుగా ఇన్సులిన్ చేసుకుంటున్నారు, భోజనం ముందు చేసుకునే త్వరగా పనిచేసే రకం. తినడానికి పదిహేను నిమిషాల ముందు చేసుకోమని డాక్టరు చెప్పారు. ఈయన వినరు. కంచం ఎదురుగా కనబడ్డాకే సూది తీస్తారు. దీని మీద ఫోన్లో నాకూ ఆయనకీ రెండేళ్ళుగా యుద్ధం. ఇంటర్నెట్లో చదివిన వ్యాసాలన్నీ ఆయనకి పంపించి విసిగించిన ఘనత నాది.

ఎనిమిదీ ముప్పై అయిదుకి సర్వరుని పిలిచి అడిగాను. టాబ్లెట్ నా వైపు తిప్పాడు. మా మూడు ఐటమ్సూ వరసగా ఉన్నాయి, మూడిటి పక్కనా ఆకుపచ్చ రంగులో 'రెడీ' అని ఉంది. "వొచ్చీసింది సార్, తెచ్చీడమే."

నేను నాన్నగారి వైపు తిరిగి "ఇంక చేసుకోండి" అన్నాను.

"కంచం రానీరా."

"నాన్నా, స్క్రీన్ మీద రెడీ అని చూపిస్తోంది. ఇంకా ఏం కావాలి మీకు?"

కొడుకు సాఫ్ట్‌వేరు కదా, స్క్రీన్ల సంగతి వాడికి తెలుసనుకున్నారు పాపం. లేచి వాష్‌రూముకి వెళ్ళి సూది చేసుకొచ్చారు.

ఎనిమిదీ యాభై. రాలేదు. చెయ్యెత్తితే చూసినవాడు లేడు. మేనేజరు కౌంటరు దగ్గర నిలబడి ఇంకో స్క్రీన్ చూస్తున్నాడు. తొమ్మిదయ్యింది. నాన్నగారు మాట్లాడటం తగ్గించారు. నేను ఫోన్లో ఏదో చూస్తున్నాను. ముందు గమనించింది అమ్మ. "ఏవండీ, ఏటలాగున్నారు?" తలెత్తి చూస్తే ఏసీలో కూచున్న మనిషికి నుదురంతా చెమట. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఏదో అడిగితే ఇంకేదో చెబుతున్నారు.

ఇక్కడ నేను చెయ్యాల్సిన పని ఒక్కటే, చక్కెర అడగడం. రెండేళ్ళుగా వ్యాసాలు పంపిస్తున్న మనిషికి ఆ సంగతి తెలుసు. కానీ నేను చేసింది వేరు. లేచి నిలబడి ఆ సర్వరు మీద అరిచాను. "రెడీ అని చూపించావు కదా! మనిషివేనా నువ్వు?" నాకంటే కనీసం ఏడెనిమిదేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని నువ్వు అన్నాను. ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, అవి రాయను. హోటలంతా మా వైపు తిరిగింది.

ఆయన నాకు సమాధానం చెప్పలేదు. నాన్నగారి మొహం ఒక్కసారి చూసి టాబ్లెట్ బల్ల మీద పడేసి లోపలికి పరిగెత్తాడు. నిమిషంలో గ్లాసుతో వచ్చాడు. నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార, ఇంకా పూర్తిగా కరగలేదు, చెంచా కాడతో కలుపుతూనే ఉన్నాడు. "తాగండి సార్. ముందు ఇది తాగీండి. మాటాడొద్దు." గ్లాసు తనే పట్టుకుని తాగించాడు. వెనకాలే మేనేజరు వచ్చి ఏమైందని అడిగేసరికి గ్లాసు ఖాళీ అయిపోయింది.

పది పదిహేను నిమిషాలకి నాన్నగారు తేరుకున్నారు. ఈలోపు, తొమ్మిదీ పన్నెండుకి, భోజనం వచ్చింది. ఎలా ఉందని అడక్కండి, ఆ పూట ఎవరికీ రుచి తెలీలేదు. రోటీ ముక్క నములుతూ నాన్నగారు సర్వరు మొహంలోకి అదే పనిగా చూస్తున్నారు.

"నువ్వు ఎస్సెమ్మెస్‌లో చేసేవోడివి కాదూ?"

(ఫోన్ మెసేజీ కాదు. స్టీల్ మెల్ట్ షాపు.)

"అవున్సార్. కాంట్రాక్టుల ఉండేవోణ్ణి. మీ షిఫ్టులోన కూడా చేసేను."

"మరి లోపలికొచ్చినప్పుడే చెప్పలేదేమయ్యా?"

"ఈ టీషర్టు ఏసుకోని ఏటి చెప్పుకుంటాను సార్."

2024లో ఆయన కాంట్రాక్టు పని పోయిందట. ప్లాంటుని నిలబెట్టడానికి 11,440 కోట్ల ప్యాకేజీ అని 2025 జనవరిలో ప్రకటన వచ్చినప్పుడు మళ్ళీ పిలుస్తారేమోనని చూశాడట. తర్వాత ఇక్కడ చేరాడు. చక్కెర నీళ్ళ సంగతి ఎలా తెలిసిందంటే, కొలిమి దగ్గర వేడిలో పనిచేసే చోట షుగరున్న మనిషి ఇలా ఒకసారి పడిపోవడం చూశాడట. "చెమటలట్టి తిక్కతిక్కగా మాటాడితే ముందు పంచదార ఎట్టీమనీవోరు సార్ మా మేస్త్రి."

నేను సారీ అన్నాను. ఇంగ్లీషులో సారీ చెప్పడం తేలిక, తెలుగులో అయితే ఇంకాస్త కష్టపడాల్సి వచ్చేది.

అప్పుడు నెమ్మదిగా చెప్పాడు, మేనేజరు అటు వెళ్ళాక. వంటింట్లో ఒక స్క్రీన్ ఉంటుంది. ఆర్డరు పడిన దగ్గర్నుంచి గడియారం తిరుగుతుంది. పద్దెనిమిది నిమిషాలు దాటితే ఆ వరస ఎర్రబడుతుంది. ఒక షిఫ్టులో ఎరుపులు ఎక్కువైతే పైనుంచి మేనేజరుకి ఫోనొస్తుంది. అందుకని పదిహేడో నిమిషంలో పొయ్యి మీద ఏది ఉన్నా లేకపోయినా వంటవాళ్ళు 'రెడీ' నొక్కేస్తారు. అక్కణ్ణుంచి గడియారం సర్వరు మీద తిరుగుతుంది. రెండు నిమిషాల్లో తీసుకెళ్ళకపోతే అతని పేరు మీద ఎరుపు. అందుకని అతను 'సర్వ్‌డ్' నొక్కేస్తాడు.

"మీ బల్ల మీదికి ఎనిమిదీ ముప్పయ్యేడుకే అన్నం వొచ్చీసినట్టు లెక్క సార్."

అంటే నాన్నగారికి చెమటలు పడుతున్నప్పుడు, కంపెనీ లెక్క ప్రకారం మేం ముగ్గురం ఇరవై మూడు నిమిషాలుగా హాయిగా భోంచేస్తున్నాం. ఎక్కడో ఒక ఆఫీసులో గోడ మీద మా బల్ల ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటుంది.

నేను కోప్పడి ఉండాల్సింది. కానీ నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ పని నాకు తెలుసు. చేశాను కూడా.

2011లో హైదరాబాదులో ఒక సపోర్టు ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. టికెట్టు వచ్చిన నాలుగు గంటల్లో తేల్చాలని ఎస్సెల్యే. కానీ టికెట్టుని 'యూజర్ జవాబు కోసం ఆగింది' అనే స్టేటస్‌లో పెడితే గడియారం ఆగుతుంది. ఇంకేముంది, మూడున్నర గంటలకి యూజరుకి ఒక మెయిలు... సమస్య ఇంకా ఉందా, దయచేసి నిర్ధారించగలరు. మొదట్లో చేత్తో చేసేవాళ్ళం. ఇరవై మంది రోజూ చేత్తో చెయ్యడం చూసి నాకు చిరాకేసి, గడువు దగ్గరపడిన టికెట్లన్నిటినీ దానంతటదే ఆ స్టేటస్‌లోకి తోసేసే స్క్రిప్టు రాశాను. తొంభై ఎనిమిది శాతం ఆకుపచ్చ! నాకు స్పాట్ అవార్డు కూడా ఇచ్చారు. ఆ కూపన్లతో కొన్న కుక్కరు మా ఇంట్లో ఇంకా విజిల్ వేస్తోంది. మన పరిశ్రమలో ఇలాంటి రిపోర్టుకి పుచ్చకాయ అని ముద్దుపేరుంది, పైన పచ్చ, కోస్తే ఎరుపు. జోకులేసుకుని నవ్వుకునేవాళ్ళం. అవతల ఆ మెయిలు మూడోసారి చదువుకుంటున్న యూజరెవరో, అది పనిచెయ్యకపోతే వాళ్ళకి ఏం ఆగిపోయిందో నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమే రాలేదు, నా స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉండేది కదా.

కొలత లక్ష్యంగా మారిన రోజున అది కొలతగా పనికిరాదని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రం ఉంది. ఆయన 1975లో చెప్పింది డబ్బు సరఫరా గురించి, మన రోటీల గురించి కాదనుకోండి. తిండి వ్యాపారంలో దీనికి పాత ఉదాహరణ డామినోస్. అరగంటలో పిజ్జా అని అమెరికాలో హామీ ఇచ్చేవాళ్ళు. 1989లో సెయింట్ లూయిస్‌లో డెలివరీ బండి గుద్ది ఒకావిడ గాయపడితే, 1993 డిసెంబరులో జ్యూరీ 7 కోట్ల 80 లక్షల డాలర్ల పైన పరిహారం వేసింది. ఆ హామీని అక్కడ వెంటనే ఎత్తేశారు. మన దేశంలో మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది, లేటయితే ఫ్రీగా వస్తుందని గడియారం చూస్తూ కూచున్న బ్యాచిలర్ గదులు మనవే. అప్పుడు బండి తోలే కుర్రాడి గురించి ఆలోచించామా? నేనైతే లేదు. కారులోనే ఆర్డరిచ్చే అమెరికన్ హోటళ్ళలో "కాస్త ముందుకెళ్ళి పక్కన ఆగండి" అని పంపించేయడం అక్కడున్న మీలో చాలామందికి అనుభవమే. కిటికీ దగ్గరి గడియారం ఆపడానికది.

నాన్నగారు ఈ సోదంతా విని ఒకటే అడిగారు. "మరి ఫిర్యాదు పుస్తకం లేదా వీళ్ళకి?"

ఆయన కొన్నాళ్ళు ప్లాంటు క్యాంటీన్ కమిటీలో ఉండేవారు. 250 మంది పైన పనివాళ్ళుంటే క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఉందని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 46వ సెక్షను చెప్పేది. దాని నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకి చోటివ్వాలని కూడా అందులోనే ఉండేది. అలాగని అక్కడ అమృతం వడ్డించేవారని కాదు. ఆ ఉప్మా నేనూ తిన్నాను, గోడకి పూస్తే నిలిచేది. కానీ సాంబారు నీళ్ళలా ఉంటే నాన్నగారు గరిటె పట్టుకుని నేరుగా వంటవాడి దగ్గరికెళ్ళి "నువ్వొకసారి తాగి చూడు" అనేవారు. వాడు తాగి, తిట్టుకుని, ఇంకాస్త పప్పు పోసేవాడు. అంతే. ఇక్కడ మేం వంటవాణ్ణి చూడలేదు, వంటవాడు మమ్మల్ని చూడలేదు. మధ్యలో స్క్రీన్లు ఒకదానికొకటి కబుర్లు చెప్పుకున్నాయి.

బిల్లొచ్చింది. జీఎస్టీ అయిదు శాతం, సరే. దాని పక్కనే సర్వీస్ చార్జి ఇంకో అయిదు శాతం. ఆ రోజు 'సర్వీస్' అన్న మాట చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దానంతటదే బిల్లులో కలపకూడదని వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలు సరైనవే అంది, సంఘాలకి లక్షేసి రూపాయల ఖర్చులు కూడా వేసింది, వాళ్ళు అప్పీలుకెళ్ళారు. ఇదంతా చెబితే మేనేజరు మొహం మాడ్చుకుని తీసేశాడు. మీరూ అడగండి, తీస్తారు. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు. తీయించాక సర్వరుకి అన్యాయం చేశానేమోనని అనుమానమొచ్చి అడిగితే "అదున్నా మాకొచ్చీదేటుంది సార్" అన్నాడు. అయిదొందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు. ఇందాక నేనన్న మాటలకి ఖరీదు కడుతున్నట్టు అనిపించిందేమో.

ఆఖర్న మళ్ళీ టాబ్లెట్. 'మా గురించి మీ స్నేహితులకి చెబుతారా? సున్నా నుంచి పది వరకు.' నేను మేనేజరుతో వాదిస్తుంటే నాన్నగారు దాన్ని అందుకుని సర్వరు పేరు చూసి, కళ్ళజోడు సర్దుకుని, ఏడు నొక్కారు. గర్వంగా చూపించారు కూడా. డెబ్భై శాతం! ఫస్ట్ క్లాసుకి అరవై చాలు కదా, దానిమీద ఇంకో పది వేశారు. హోటలుకి కాదు, ఆ మనిషికి. ఆయనకి తెలీనిదేంటంటే 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే కన్సల్టెంటు పెట్టిన ఈ లెక్కలో తొమ్మిదీ పదీ మాత్రమే మార్కులు. ఏడూ ఎనిమిదీ లెక్కలోకే రావు. ఆరు నుంచి కింద మైనస్. మన ఊళ్ళో పదికి తొమ్మిది వేసే మేష్టారు ఎవరైనా ఉన్నారా అసలు? సర్వరు ఆ ఏడు చూసి ఏమీ అనలేదు. "థాంక్యూ సార్" అని గుమ్మం దాకా వచ్చి నాన్నగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఇంటికొచ్చి రాత్రి పన్నెండింటి దాకా కూచుని ఆ కంపెనీకి మెయిలు రాశాను. తప్పు సర్వరుది కాదు, మీ గడియారానిది, ఆయన లేకపోతే మా నాన్నగారి పరిస్థితి వేరేగా ఉండేది, ఆయన్ని అభినందించండి అని టైములతో సహా రాశాను. బగ్ రిపోర్టు రాసినంత శ్రద్ధగా. ఎనిమిది నిమిషాల్లో టికెట్టు నంబరు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఇంకో మెయిలు... మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, సంబంధిత సిబ్బందిపై తగిన చర్య తీసుకున్నాం, మీ టికెట్టు పరిష్కరించబడింది. కింద, ఈ పరిష్కారానికి సున్నా నుంచి పది వరకు ఎంతిస్తారు?

సంబంధిత సిబ్బంది ఎవరని అడుగుతూ మళ్ళీ రాశాను. పాత టికెట్టు మూసేశాం, కొత్తది తెరవమని జవాబు. తెరిచాను. 'మీ జవాబు కోసం ఆగింది' అని స్టేటస్ చూపిస్తోంది :(

నేను బెంగుళూరు వచ్చేశాక నాన్నగారు వాకింగులో అటు వెళ్ళి కనుక్కున్నారు. ఆయన్ని సిటీలో ఎంవీపీ వైపు ఉన్న బ్రాంచికి మార్చేశారట. ఇరవై కిలోమీటర్ల పైనే, రెండు బస్సులు మారాలి. నా మెయిలు వల్లేనా, నాన్నగారి ఏడు వల్లా, లేక మామూలు బదిలీయేనా అంటే అక్కడున్నవాళ్ళు ఎవరూ చెప్పలేకపోయారు. ఈ ఆదివారం అక్కడికి వెళ్ళొస్తానంటున్నారు నాన్నగారు. తినడానికి కాదు, ఊరికే కనబడి రావడానికి.

ఇన్సులిన్ సంగతిలో మాత్రం నేనిక ఆయన్ని ఏమీ అనడం లేదు. అమ్మ వంటింట్లోంచి "అయిపోయిందండీ, వచ్చీండి" అని కేకేసినా సరే, కంచంలో అన్నం కనబడి మొదటి ముద్ద కలిపాకే ఆయన ఎడం చేత్తో సూది డబ్బా దగ్గరికి లాక్కుంటున్నారు.